గడ్డం కింద పట్టీ

నరసరావుపేట మల్లమ్మ సెంటర్లో సాయంత్రం పూట ఓ పక్కగా నిలబడితే మనవాళ్లు హెల్మెట్‌ను ఎక్కడెక్కడ పెట్టుకుంటారో తెలిసిపోతుంది. ఒకరికి పెట్రోలు ట్యాంకు మీద, ఒకరికి మోచేతికి, ఇంకొకరికి అద్దానికి. పాలు పోసే ఆయనకు క్యాను మూత మీద. ముందు మలుపులో ఖాకీ చొక్కా కనబడిందంటే మాత్రం అన్నీ ఒక్కసారిగా తలల మీదికి ఎక్కుతాయి. ఎక్కిన తర్వాత కాస్త కిందికి చూడండి. గడ్డం కింద బిగించాల్సిన పట్టీ చాలామందికి చెంపల పక్కన వేలాడుతూ ఉంటుంది. పోలీసు చూసేది తలను. రోడ్డు మీది కెమెరా ఫొటో తీసేదీ తలనే. పట్టీ సంగతి అడిగేవాళ్లు లేరు.

తల మీదికి ఎక్కడమైనా ఈమధ్య వచ్చిన మార్పే, కాదనలేం. హెల్మెట్ నిబంధన కాగితాల్లోనే ఉండిపోయిందని రాష్ట్ర హైకోర్టు 2024లో ప్రభుత్వాన్ని, పోలీసులను గట్టిగా నిలదీసింది. ఆ తర్వాత తనిఖీలు పెరిగాయి, చలానాలూ పెరిగాయి. పల్లెల నుంచి పనిమీద పట్నానికి వచ్చే బండ్ల మీద కూడా ఇప్పుడు హెల్మెట్ కనిపిస్తోంది. మంచిదే. ఆ మంచి పని సగంలోనే ఆగిపోయిందన్నదే ఈ నాలుగు మాటలకు కారణం.

చట్టం సగంలో ఆగలేదు మరి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ అంటే ఏమిటో రెండు షరతులతో చెప్పింది. ఆకారంలో, తయారీలో ప్రమాదం నుంచి తలను కాపాడేదిగా ఉండాలన్నది మొదటిది. దానికే ఉన్న పట్టీలతో తలకు గట్టిగా బిగించి ఉండాలన్నది రెండోది. రెండూ ఉంటేనే అది హెల్మెట్. అంటే పట్టీ పెట్టుకోనివాడు చట్టం ప్రకారం హెల్మెట్ పెట్టుకోనివాడే. 2019 సవరణ తర్వాత నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ, బండి తోలేవారికైనా వెనక కూర్చున్నవారికైనా, ఇది వర్తిస్తుంది. తలపాగా ధరించే సిక్కులకు మాత్రం మినహాయింపు. తప్పితే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత. ఈ సెక్షన్లు పోలీసులకు కంఠతా వచ్చినవే. రెండో షరతు మీద చలానా రాయడం మాత్రం అరుదు.

జనం ఎందుకు పెట్టుకోరో కూడా ఆలోచించాలి. పల్నాటి పౌరుషం అడ్డమొస్తుందని చమత్కరించేవాళ్లున్నారు. ఇది పౌరుషం కథ కాదు, ఉక్కపోత కథ. ఎండాకాలం వచ్చిందంటే రాష్ట్రమంతా రెంటచింతల పేరు వింటుంది. ఆ ఎండలో, మధ్యాహ్నం రెండింటికి, గురజాల నుంచి మాచర్లకు తల చుట్టూ థర్మాకోల్ లాంటి పదార్థం నింపిన డొప్పను పెట్టుకుని వెళ్లడం సుఖమైన పనేమీ కాదు. పట్టీ తీసేస్తే మెడ కింద కాస్త గాలి ఆడుతుంది. పైగా మన బండి ప్రయాణం ఏకబిగిన సాగేది కాదు. పురుగు మందుల కొట్టు దగ్గర ఆగాలి, బ్యాంకు దగ్గర ఆగాలి, తెలిసినవాళ్లు ఎదురైతే ఆగి రెండు మాటలు మాట్లాడాలి, ఫోను మోగితే ఎత్తాలి. ఆగిన ప్రతిసారీ విప్పడం, మళ్లీ బిగించడం. నాలుగోసారికి చెయ్యి బద్ధకిస్తుంది. ‘మనూళ్లోనే కదా’ అన్న మాట ఆ బద్ధకానికి తోడవుతుంది.

ఎద్దు మెడ మీద కాడి పెట్టి, కింద తాడు కట్టకుండా బండి తోలే రైతు పల్నాడులో ఒక్కడు కనిపించడు. గొడ్డు ఒక్కసారి తల విదిలిస్తే కాడి ఎటు పోతుందో ఆయనకు తెలుసు. హెల్మెట్ విషయంలో ఆ తెలివి మనకింకా అలవాటుగా మారలేదు.

పడినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎదురుగా గేదె అడ్డం వచ్చి బండి ఆగిపోయినా, మీద ఉన్న మనిషి ఆ వేగంతోనే ముందుకు పోతాడు. అతని తల మీది హెల్మెట్ కూడా, కిలో పైబడిన బరువుతో, అదే వేగంతో పోతుంది. తల ఆగినంత మాత్రాన అది ఆగదు, పట్టుకునేది ఏదైనా ఉంటే తప్ప. మనిషికి దెబ్బ తగలడం ఒక్కసారితో అయిపోయే పని కాదన్నది ఇంకో సంగతి. మొదట ఎదుటి బండికో, దాని అద్దానికో తగులుతాడు. తర్వాత తారు రోడ్డుకు. జారుకుంటూ వెళ్లి చివరికి రోడ్డు పక్కన పాతిన కిలోమీటరు రాయికో, కల్వర్టు గోడకో. పట్టీ లేని హెల్మెట్ మొదటి దెబ్బకే, ఒక్కోసారి దెబ్బ తగలకముందే, ఎగిరిపోతుంది. అసలైన దెబ్బ తగిలే వేళకు తల ఒంటరిదవుతుంది.

ప్రమాదం జరిగిన చోట గుమిగూడిన జనం అనే మాట ఒకటుంది: ‘హెల్మెట్ ఉన్నా పోయాడయ్యా, రాత బాగోలేదు.’ ఆ మాటను నమ్మి హెల్మెట్ మీదే నమ్మకం పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. ఆ హెల్మెట్ ఎక్కడ పడి ఉందో, ఎలా ఉందో మాత్రం ఎవరూ చూడరు. పది గజాల దూరంలో, గీత కూడా పడకుండా, కొట్లోంచి తెచ్చినట్టే ఉందంటే అది తలకు పడాల్సిన దెబ్బను తను తీసుకోలేదని అర్థం. పని చేసిన హెల్మెట్ పాడై కనిపిస్తుంది. పైడొప్ప పగులుతుంది, లోపలి పొర నలుగుతుంది. నలగడమే దాని పని. తల ఆగడానికి పట్టే సమయాన్ని అది కొన్ని మిల్లీసెకన్లు పెంచుతుంది. మెదడుకు కావలసింది ఆ కొన్ని మిల్లీసెకన్లే. ఒకసారి నలిగిన పొర మళ్లీ పొంగదు గనుక పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు.

ఈ ఆలోచనలకు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంగ్లండులోని తన ఇంటి దగ్గర్లో, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి మోటారు సైకిలు మీంచి పడ్డాడు. ఆరు రోజులకు చనిపోయాడు. తలకు రక్షణగా ఏమీ పెట్టుకోలేదు. ఆయనకు వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. కాపాడలేకపోయినందుకు ఆయన బాధ బాధగానే మిగిలిపోలేదు. మోటారు సైకిళ్ల మీద పోయే సైనికుల తలగాయాలను లెక్క తీసి 1941లో వ్యాసం ప్రచురించాడు. బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు పౌరులకు ఆ నిబంధన రావడానికి మాత్రం 1973 దాకా పట్టింది. చట్టాలు నత్తనడక నడవడం మన దగ్గరే కాదన్నమాట. ఈ మధ్యలో, 1953లో, అమెరికాలో ఛార్లెస్ లొంబార్డ్ గట్టి డొప్ప లోపల నలిగే పొరను అమర్చే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఈనాటి హెల్మెట్లన్నిటికీ మూలం అదే.

డొప్ప, పొర గురించి ఇంత రాశారు గానీ పట్టీ గురించి రాసింది తక్కువ. అసలు హెల్మెట్‌ను తలకు బిగించే పద్ధతులు ముఖ్యంగా మూడు రకాలు. వీటిని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొట్లో మనం రంగు చూస్తాం, అద్దం చూస్తాం, బేరం చూస్తాం, బకిల్ మాత్రం చూడం.

మొదటిది డబుల్ డి రింగ్. ఒక పక్క పట్టీకి డి ఆకారంలో రెండు ఉక్కు రింగులుంటాయి. రెండో పక్క పట్టీని రెండింటిలోంచీ దూర్చి, వెనక్కి మడిచి, ఒక రింగులోంచి మాత్రమే తిరిగి లాగాలి. ఎంత లాగితే అంత బిగుస్తుంది. రింగుల మధ్య రాపిడే దాని బలం. విరగడానికి స్ప్రింగు లేదు, అరగడానికి పళ్లు లేవు. ఏరోజుకారోజు తలకు సరిపోయేంత బిగించుకోవచ్చు. అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య తన రేసుల్లో దీన్నే తప్పనిసరి చేసింది. మోటోజీపీ వీరులు గంటకు మూడొందల కిలోమీటర్ల పైన నమ్ముకునేది ఈ రెండు రింగులనే. ఇందులో ఒక మోసం కూడా ఉంది. పట్టీ కొస గాలికి కొట్టుకోకుండా చివర ఒక ప్రెస్ బటన్ ఉంటుంది. రింగుల్లో దూర్చే ఓపిక లేక కొందరు ఆ బటన్ ఒక్కటి నొక్కుకుని పట్టీ పెట్టుకున్నామనుకుంటారు. అది కొసను నిలిపేది, హెల్మెట్‌ను నిలిపేది కాదు.

రెండోది పళ్ల బకిల్. గాట్లున్న ప్లాస్టిక్ నాలుకను బకిల్లోకి దూరిస్తే టకటకమంటూ పడుతుంది. ఎర్ర మీటనో, నాడానో లాగితే ఒక్క చేత్తో ఊడొస్తుంది. మన కొట్లలో కాస్త మంచి రకం హెల్మెట్లకు ఇప్పుడు ఇదే ఎక్కువ. దీని ఇబ్బంది వేరే. పట్టీ అసలు పొడవును రెండో పక్కనున్న జారుడు కొక్కెంతో ఒకసారి సరిచేసుకోవాలి. కొన్న రోజున ఆ పని ఎవరూ చేయరు, చేయించరు. కంపెనీలో ఎంత వదులుగా పెట్టి పంపారో అంతే వదులుగా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. టక్కుమన్న చప్పుడు వినబడుతుంది గనుక పెట్టుకున్నవాడికి ధైర్యం. కానీ గడ్డానికి, పట్టీకి మధ్య గుప్పెడు దూరుతుంది. పళ్లు అరిగినా, వాటి సందుల్లో దుమ్ము పేరుకున్నా పట్టు తగ్గుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పక్కన రోజూ తిరిగేవాళ్లు నెలకోసారైనా తడిగుడ్డతో తుడుచుకోవడం మంచిది.

మూడోది స్కూలు బ్యాగులకుండే ప్లాస్టిక్ క్లిప్పు. రెండు పక్కలా నొక్కితే ఊడుతుంది. చవకరకం హెల్మెట్లకు ఇదే. ఎండకు ఎండి, చలికి బిగిసి ఏడాది తిరిగేసరికి ఒక కొమ్ము విరుగుతుంది. విరిగాక మార్చేవాళ్లు కనబడరు, ముడివేసుకునేవాళ్లు కనబడతారు. ముడి కూడా వేయనివాళ్లే ఎక్కువ.

ఏది మేలని అడిగితే రేసుల వాళ్లు తడుముకోకుండా డి రింగులంటారు. వాళ్ల పనికి అదే న్యాయం. కానీ ఊరూరూ తిరిగి రోజంతా దిగుతూ ఎక్కుతూ ఉండే పాలాయన ఆ రింగుల్లో పట్టీని దూర్చుకుంటూ కూర్చుంటాడా? వారం తిరక్కుండానే మానేస్తాడు. బిగించని ఉక్కు రింగులకన్నా కొలత సరిచేసి బిగించిన పళ్ల బకిల్ వెయ్యి రెట్లు నయం. దూరాలు పోయే కుర్రాళ్లు, పెద్ద బండ్ల వాళ్లు రింగులు తీసుకోవచ్చు. ఊళ్లో తిరిగేవాళ్లకు పళ్ల బకిల్ చాలు. ప్లాస్టిక్ క్లిప్పు మాత్రం వద్దని మా అభిప్రాయం. వంద, నూటయాభై ఆదా చేసుకునే చోటు అది కాదు.

పట్టీ బలానికి పరీక్షలు లేకపోలేదు. ఐరోపా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 22వ నియమం ప్రకారం తల నమూనాకు హెల్మెట్ తొడిగి, పట్టీ బిగించి, దానికి పది కిలోల బరువును ముప్పావు మీటరు ఎత్తు నుంచి వదులుతారు. ఆ గుంజుడుకు పట్టీ 35 మిల్లీమీటర్లకు మించి సాగకూడదు. ఇంకో పరీక్షలో హెల్మెట్ వెనక అంచుకు తీగ తగిలించి పది కిలోల బరువుతో ముందుకు గుంజుతారు. 30 డిగ్రీలకు మించి తిరగకూడదు. గడ్డానికి గిన్నెలాంటి తొడుగు ఉన్న పట్టీని ఆ నియమం అసలు ఒప్పుకోదు. గడ్డం మీద నిలిచే పట్టీ దెబ్బకు జారిపోతుంది, దవడ కింద గొంతు దగ్గర పట్టేది జారదు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 4151లోనూ పట్టీకి వేరుగా పరీక్ష ఉంది. ఐఎస్‌ఐ ముద్ర లేని హెల్మెట్‌ను తయారు చేయడం, అమ్మడం కుదరదని కేంద్రం 2020 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2021 జూన్ 1 నుంచి అది అమల్లో ఉంది. హైవే పక్కన చెట్టు కింద కుప్పపోసి అమ్మేవాటికి ఆ ముద్ర కూడా స్టిక్కరుగా దొరుకుతుందనేది అందరికీ తెలిసిన సంగతే. స్టిక్కరు కన్నా పట్టీని చూడటం మేలు. పట్టీని డొప్పకు కలిపే చోట లోహపు రివెట్టు ఉందా? గట్టిగా గుంజితే కదులుతోందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు మన చేతులే చెబుతాయి.

తలకు పెట్టుకున్నాక చేసే పరీక్ష ఇంకా సులువు. పట్టీ బిగించుకుని, పట్టీకీ దవడకూ మధ్య వేళ్లు పెట్టి చూడండి. ఒకటి రెండు వేళ్లకు మించి దూరితే వదులుగా ఉన్నట్టు. తర్వాత రెండు చేతులతో హెల్మెట్ వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి. తల మీంచి ఊడి చేతికొస్తే పట్టీ పెట్టుకున్నా పెట్టుకోనట్టే. ఇంట్లో పిల్లలతో ఈ ఆట ఆడించండి, నవ్వుకుంటూ నేర్చుకుంటారు.

ఇదంతా ఊహాగానం కాదు. తైవాన్‌లో బండి ప్రమాదాల మీద పరిశోధన చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. పట్టీ గట్టిగా బిగించుకున్నవారితో పోలిస్తే వదులుగా పెట్టుకున్నవారికి తలగాయం ప్రమాదం దాదాపు రెట్టింపు. మెదడుకు గాయమయ్యే ప్రమాదం అంతకన్నా ఎక్కువ. వాళ్లందరూ హెల్మెట్ పెట్టుకున్నవాళ్లే. హెల్మెట్ అన్నది మరణాన్ని నూటికి 42 వంతులు, తలగాయాన్ని 69 వంతులు తగ్గిస్తుందని 2008 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ మేలంతా డొప్పదే అనుకుంటాం. పట్టీ వదిలేస్తే అందులో ఎంత చేజారుతుందో తైవాన్ లెక్క చెబుతోంది.

మన దేశం లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. హెల్మెట్ లేక పోయినవారు 50,029. ఆ యాభై వేలలో 14,337 మంది బండి నడిపేవారు కాదు, వెనక కూర్చున్నవారు. భార్యలు, అమ్మలు, చెల్లెళ్లు, స్నేహితులు. పట్టీ పెట్టుకోని హెల్మెట్లను ఇందులో ఏ గడిలో వేశారో చెప్పే పట్టిక ఏమీ లేదు.

వెనక కూర్చునే ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే పక్కకు కాళ్లు వేసి, ఒళ్లో పిల్లను పెట్టుకుని, చేతిలో సంచి పట్టుకుని కూర్చుంటారు. పడితే ముందు నేలకు తగిలేది వాళ్ల తలే. తలలో కొప్పు, కొప్పులో పూలు. దాని మీద హెల్మెట్ కూర్చోదు, పైకి లేస్తుంది. లేచిన హెల్మెట్ పట్టీ గడ్డం దాకా రాదు, వదిలేస్తారు. హెల్మెట్లు గీసేవాళ్లు మన ఆడవాళ్ల జడను ఒక్కరోజైనా లెక్కలోకి తీసుకున్నట్టు కనబడదు. ఆ రోజు వచ్చేదాకా బండి ఎక్కేటప్పుడు కొప్పు విప్పి, జడను మెడ దగ్గర కిందికి వేసుకోవడమే దారి. పూలు దిగాక పెట్టుకోవచ్చు. ఎండకు తలకు చుట్టుకునే తువాలు, చున్నీ సంగతీ ఇంతే. లావుపాటి టర్కీ తువాలు చుట్టి దాని మీద హెల్మెట్ పెడితే అది తువాలు మీద నిలుస్తుంది, తల మీద నిలవదు. పల్చటి నూలు గుడ్డ ఒక్క మడత చాలు, చెమట కూడా పీలుస్తుంది. ఇక పిల్లలు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు తలకు తగిన హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. పెద్దవాళ్ల హెల్మెట్ పిల్లవాడి నెత్తిన బోర్లిస్తే కాపాడదు, పైగా బరువు.

పట్టీ ఉండి పెట్టుకోకపోవడం ఎంత పని చేస్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2018 ఆగస్టు 29 పొద్దున్నే నందమూరి హరికృష్ణ హైదరాబాదు నుంచి కావలిలో పెళ్లికి తానే కారు నడుపుకుంటూ బయల్దేరారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు ప్రమాదానికి గురై ఆయన చనిపోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అది నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి. దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట దాటి వెళ్లేదీ అదే రోడ్డు, మనవాళ్లు రోజూ బండ్ల మీద తిరిగేదీ అదే రోడ్డు. ఇంకో పక్క నటుడు సాయి ధరమ్ తేజ్. 2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాదులో బైకు జారి పడి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి, తిరిగి లేచారు. హెల్మెట్ ఉండబట్టే బతికానని ఆయన వేదిక దొరికినప్పుడల్లా చెబుతున్నారు. పడినప్పుడు ఆ హెల్మెట్ తల మీదే ఉందన్నది ఆ మాటలో కలిసి ఉన్న సంగతి.

హైదరాబాదులో పడినవాడికీ మాచర్లలో పడినవాడికీ ఒక తేడా ఉంది. పెద్ద ఆసుపత్రి అక్కడ పక్క వీధిలో ఉంటుంది. ఇక్కడ తలకు గట్టి దెబ్బ తగిలితే గుంటూరుకే తీసుకెళ్లమంటారు. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. 108 బండి ఎంత వేగంగా పోయినా దారి దారే. ఆ దారి పొడవునా మనిషిని కాపాడాల్సింది పడిన క్షణంలో తలకు తగిలిన దెబ్బ చిన్నది కావడమే. అందువల్ల పట్నవాసానికన్నా పల్నాటి వాసికే ఈ పట్టీ అవసరం ఎక్కువ. పడినవాళ్లను చూసినప్పుడు ఆత్రంగా హెల్మెట్ గుంజేయకూడదన్నది కూడా తెలిసి ఉండాలి. మెడ విరిగి ఉంటే ఆ గుంజుడే ప్రాణం తీస్తుంది. ఊపిరి ఆడుతుంటే 108 వాళ్లు వచ్చేదాకా అలాగే కదపకుండా ఉంచాలి. ఊపిరి ఆడక తీయక తప్పనప్పుడు ఒకరు తలనూ మెడనూ నిలిపి పట్టుకుంటే ఇంకొకరు పట్టీ విప్పి మెల్లగా తీయాలి.

ఈ మార్పు వస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. వియత్నాంలో మనకన్నా ఎక్కువగా బండ్ల మీదే బతుకుతారు. 2007 డిసెంబరు 15న అక్కడ హెల్మెట్ తప్పనిసరి చేస్తే రోజుల్లోనే ఊళ్లకు ఊళ్లు పెట్టుకున్నాయి. తర్వాత వాళ్లకు ఎదురైందీ మన సమస్యే: బొమ్మ హెల్మెట్లు, వేలాడే పట్టీలు. పట్టీ సరిగా బిగించకపోయినా హెల్మెట్ లేనట్టేనని వాళ్లు జరిమానా నిబంధనల్లో విడిగా రాసి అమలు చేస్తున్నారు. మన చట్టంలో ఆ మాట ముందే ఉంది. రాయాల్సిన పని కూడా లేదు, చూడాల్సిన పనే ఉంది.

పల్నాడు జిల్లా పోలీసులకు మా విన్నపం ఒకటే. తనిఖీలో బండి ఆపినప్పుడు తలతోపాటు గడ్డం కింద కూడా చూడండి. మొదటి నెల చలానా వద్దు. పట్టీ మీరే బిగించి పంపండి, రెండోసారి అదే మనిషి అదే తప్పుతో దొరికితే అప్పుడు రాయండి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వేల బండ్లు వస్తాయి. ఆ రోజున ప్రభల దారిలో నాలుగు చోట్ల ఈ పని చేస్తే జిల్లా అంతటికీ పాఠం అందుతుంది. కాలేజీల వాళ్లు గేటు దగ్గర హెల్మెట్ లేని విద్యార్థిని ఆపుతున్నారు, పట్టీ పెట్టుకోని విద్యార్థినీ ఆపాలి.

ఇక బండ్లు అమ్మే షోరూముల వారికి. కొత్త బండితోపాటు ఐఎస్‌ఐ హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వది చెబుతోంది. బిల్లులో ఆ హెల్మెట్ ఉంటోంది. అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపేస్తే అది అటకెక్కుతుంది. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, తాళం చేతికిచ్చే ముందు ఆ పెట్టె విప్పి హెల్మెట్ ఆయన తలకు పెట్టండి, వెనక కూర్చోబోయే ఆవిడ తలకూ ఒకటి పెట్టి చూడండి, పట్టీ కొలత మీ మెకానిక్ చేత సరిచేయించండి. అయిదు నిమిషాల పని, దానికి వేరే ఖర్చు లేదు.